750 జీఈవీ కణం: ఫిజిక్స్ ప్రపంచాన్ని ఎనిమిది నెలలు ఊపేసింది.. చివరికి లేనే లేదని తేలింది! అసలేం జరిగిందంటే?

"కొత్త కణం దొరికిందా?", "ఫిజిక్స్ పుస్తకాలు తిరగరాయాల్సిందేనా?" అంటూ ఏడాదికోసారైనా మీ ఫోన్‌లో ఓ నోటిఫికేషన్ వచ్చే ఉంటుంది. వాటిల్లో చాలా వరకు కొన్ని నెలలకే చప్పుడు లేకుండా చల్లబడిపోతాయి. ఎందుకలా? ఎవరైనా అబద్ధం చెబుతున్నారా? లెక్క తప్పుతున్నారా? రెండూ కాదు. ఇది అర్థం కావాలంటే 2015 డిసెంబర్‌లో మొదలై 2016 ఆగస్టులో ముగిసిన 750 జీఈవీ కథ తెలుసుకోవాలి.

ఆ రోజు ఏం చూపించారు?

2015 డిసెంబర్ 15. జెనీవా దగ్గర్లోని సెర్న్ ల్యాబ్‌లో ఏడాది చివరి ఫలితాల సమావేశం. ప్రపంచంలోనే అతి పెద్ద కణాల మెషీన్ లార్జ్ హాడ్రాన్ కొలైడర్, అంటే ఎల్‌హెచ్‌సీ, ఇక్కడే ఉంది. ఫ్రాన్స్-స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గర, నేలకు సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో గుండ్రంగా తవ్విన సొరంగం అది. అందులో ప్రోటాన్లను ఇంచుమించు కాంతి వేగంతో ఎదురెదురుగా తిప్పి గుద్దిస్తారు. రెండేళ్ల రిపేర్ల తర్వాత ఆ ఏడాదే మెషీన్ మళ్లీ ఆన్ అయింది. అంతకుముందు గరిష్ఠంగా 8 టీఈవీ శక్తితో ఢీకొట్టేవాళ్లు, ఇప్పుడు ఏకంగా 13 టీఈవీ. అందుకే అందరి కళ్లూ అటే ఉన్నాయి.

ఎల్‌హెచ్‌సీ మీద అట్లాస్, సీఎంఎస్ అని రెండు పెద్ద డిటెక్టర్లు ఉన్నాయి. టీమ్‌లు వేరు, టెక్నాలజీ వేరు. ఒకరు చూసిందాన్ని ఇంకొకరు సరిచూడాలనే రెండు పెట్టారు. ఆ రోజు సీఎంఎస్ తరఫున జిమ్ ఓల్సెన్, అట్లాస్ తరఫున మారుమి కాడో ఫలితాలు వివరించారు. చిత్రం ఏంటంటే.. ఇద్దరి గ్రాఫుల్లోనూ దాదాపు ఒకే చోట చిన్న ఉబ్బు కనిపించింది. అది 750 జీఈవీ దగ్గర!

జీఈవీ అంటే ఏంటని కంగారు పడక్కర్లేదు. కణాల ప్రపంచంలో బరువు కొలిచే యూనిట్ అనుకోండి చాలు. ఒక ప్రోటాన్ బరువు దాదాపు 1 జీఈవీ. హిగ్స్ బోసాన్ 125. ఇప్పటిదాకా తెలిసిన మూల కణాల్లో అన్నిటికన్నా బరువైనది టాప్ క్వార్క్, అది 173. మరి 750 దగ్గర నిజంగా ఏదైనా ఉంటే? టాప్ క్వార్క్‌కి నాలుగు రెట్లు పైమాటే. అలాంటిది ఉంటుందని స్టాండర్డ్ మోడల్‌లో ఎక్కడా లేదు. అణువుల లోపలి ప్రపంచం గురించి ఇప్పటిదాకా మనకు తెలిసిందంతా కలిపి రాసిన సిద్ధాంతం పేరే స్టాండర్డ్ మోడల్. ఒక్క కణం అదనంగా దొరికినా అది అసంపూర్ణమని తేలిపోయినట్టే.

కంటికి కనిపించని కణాన్ని ఎలా పడతారు?

ఇలాంటి కణాన్ని నేరుగా ఎవరూ చూడలేరు. పుట్టిన మరుక్షణమే వేరే కణాలుగా విడిపోతుంది. డిటెక్టర్ పట్టేది ఆ మిగిలిన వాటినే. వాటి శక్తి ఎంత, ఏ దిక్కుకు పోయాయి అన్నది కొలిచి, వెనక్కి లెక్కగట్టి, తల్లి కణం బరువు ఇంత అయ్యుండాలి అని చెబుతారు. ఈ కేసులో పట్టుకున్నది రెండు ఫోటాన్లను, అంటే రెండు కాంతి కణాలను. సీఎంఎస్‌లో వీటి కోసమే దాదాపు 76 వేల లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలు బిగించారు. చూడ్డానికి గాజు ముక్కల్లా తళతళలాడతాయి గానీ, అదే సైజు ఇనుప ముక్క కన్నా బరువెక్కువ.

ఇక్కడే అసలు చిక్కు. కొత్త కణం ఏదీ లేకపోయినా మామూలు ఢీకొట్టుడులో కూడా ఫోటాన్ల జతలు పుడుతూనే ఉంటాయి. తక్కువ బరువు దగ్గర ఎక్కువ జతలు, బరువు పెరిగేకొద్దీ తక్కువ. గ్రాఫ్ గీస్తే కొండ మీంచి వాలుగా దిగే రోడ్డులా ఉంటుంది. కొత్త కణం నిజంగా ఉంటే ఆ రోడ్డు మీద ఒక్క చోట స్పీడ్ బ్రేకర్ లేస్తుంది. 2015లో కనిపించింది అలాంటిదే. కానీ అదనంగా వచ్చిన జతలు వేలల్లో లేవు, వందల్లో కూడా లేవు. అంత తక్కువ లెక్కతో అది స్పీడ్ బ్రేకరో, రోడ్డు మీద పడ్డ రాయో చెప్పడం కష్టం.

సిగ్మా గోల ఏంటి?

ఈ అనుమానాన్ని కొలవడానికే "సిగ్మా" అనే లెక్క వాడతారు. కొత్తది ఏమీ లేకుండానే, కేవలం యాదృచ్ఛికంగా ఇంత ఉబ్బు వచ్చే అవకాశం ఎంత అన్నది సిగ్మా చెబుతుంది. 3 సిగ్మా అంటే సుమారు 740లో ఒక వంతు ఛాన్స్. 5 సిగ్మా అంటే దాదాపు 35 లక్షల్లో ఒక వంతు. కణ భౌతికశాస్త్రంలో 5 సిగ్మా దాటితేనే "కనుగొన్నాం" అనే మాట వాడతారు. 3 దాటితే "ఆధారం దొరికింది" అంటారు. అంతకన్నా తక్కువైతే "ఏదో ఉన్నట్టుంది" అని ఊరుకుంటారు.. ఊరుకోవాలి కూడా.

అట్లాస్ ఉబ్బు 3.6 సిగ్మా. అంటే యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం దాదాపు 6 వేలల్లో ఒకటి. సీఎంఎస్‌ది 2.6. వింటే గట్టి ఆధారంలాగే ఉంది కదా? కానీ ఈ నంబర్లకు ఒక షరతు ఉంది.

ఒక నాణెం తీసుకుని వరుసగా 10 సార్లు ఎగరేయండి. పదికి పదిసార్లూ బొమ్మే పడే అవకాశం 1024లో ఒకటి. మీకు పడిందంటే నాణెంలో ఏదో మోసం ఉందని అనుమానించొచ్చు. ఇప్పుడు ఊళ్లో వెయ్యి మందిని పిలిచి, తలా ఒక నాణెం ఇచ్చి ఎగరేయమనండి. ఎవరో ఒకరికి పదికి పది పడే ఛాన్స్ 60 శాతం పైనే. ఆ ఒక్కణ్నీ స్టేజీ ఎక్కించి "చూడండి అద్భుతం!" అంటే నవ్వుతారు. ఎందుకంటే మిగతా 999 మంది సంగతి దాచేశారు.

ఎల్‌హెచ్‌సీలో జరిగేదీ ఇదే. వందల జీఈవీల నుంచి వేల జీఈవీల దాకా గ్రాఫ్ మొత్తం వెతుకుతారు. ఇన్ని చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట ఉబ్బు కనిపించడంలో వింత లేదు. ఆ దిద్దుబాటు చేశాక అట్లాస్ ఉబ్బు 3.6 నుంచి సుమారు 2 సిగ్మాకి, సీఎంఎస్‌ది 2.6 నుంచి 1.2కి పడిపోయాయి. 2 సిగ్మా అంటే సుమారు 40లో ఒకటి. 1.2 అంటే తొమ్మిదిలో ఒకటి. ఈ దిద్దిన నంబర్లను కూడా అదే రోజు, అదే వేదిక మీద శాస్త్రవేత్తలే చెప్పారు. ఎవరూ ఏదీ దాచలేదు. హెడ్‌లైన్లలోకి మాత్రం 3.6 ఎక్కినంత వేగంగా 2 ఎక్కలేదు. ఈ విషయంలో మా మీడియా తప్పూ ఉందని ఒప్పుకోవాల్సిందే.

మరి శాస్త్రవేత్తలే ఎందుకు నమ్మారు?

దానికి సమాధానం నాలుగేళ్ల వెనక్కి వెళ్తే దొరుకుతుంది. 2011 డిసెంబర్ 13న అదే సెర్న్‌లో, అవే రెండు టీమ్‌లు హిగ్స్ బోసాన్ వేటలో ఎక్కడిదాకా వచ్చామో చెప్పాయి. అప్పుడు అట్లాస్ చూపించిన నంబర్ 3.6 సిగ్మా, 126 జీఈవీ దగ్గర. సీఎంఎస్ చూపించింది 2.6 సిగ్మా, 124 దగ్గర. అవును, కరెక్ట్‌గానే చదివారు. నాలుగేళ్ల తర్వాత 750 దగ్గర వచ్చిన నంబర్లూ అవే! అప్పుడూ రెండు ఫోటాన్ల జతలే ముఖ్యమైన సాక్ష్యాల్లో ఒకటి. ఏడు నెలలు తిరక్కుండానే, 2012 జులై 4న, ఆ ఉబ్బు 5 సిగ్మా దగ్గరికి చేరి హిగ్స్ బోసాన్‌గా తేలింది. మరుసటి ఏడాదే పీటర్ హిగ్స్‌కీ, ఫ్రాన్సువా ఆంగ్లేర్‌కీ నోబెల్. ఇంత తాజా జ్ఞాపకం ఉన్నాక 2015లో గుండె వేగంగా కొట్టుకోకుండా ఎలా ఉంటుంది?

కానీ రెండింటికీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. సిగ్మా లెక్కలో అది కనిపించదు. ఈ కథకంతటికీ కీలకం ఆ తేడానే.

హిగ్స్ కణం గురించి 1964లోనే కాగితం మీద రాశారు. అది ఎలా పుడుతుంది, ఎలా విడిపోతుంది, ఏ దారిలో ఎంత శాతం.. అన్నీ ముందే లెక్క కట్టి ఉన్నాయి. తెలియనిది ఒక్కటే, దాని బరువు. అది కూడా 114 జీఈవీ కంటే తక్కువ ఉండదని సెర్న్‌లోని పాత మెషీన్ లెప్ తేల్చేసింది. పై నుంచి కూడా వెతికి వెతికి చాలా పరిధిని కొట్టేశారు. అంటే 2011 నాటికి దొంగ దాక్కోగల గది ఒక్కటే మిగిలింది, ఆ గదిలోనే చప్పుడు వినిపించింది. 750 సంగతి అలా కాదు. ఆ బరువు దగ్గర ఫలానా కణం ఉంటుందని ఏ సిద్ధాంతమూ ముందుగా వేలెత్తి చూపించలేదు. చప్పుడు వినిపించాకే దొంగ పేరు వెతకడం మొదలైంది.

వారాల్లో వందల పేపర్లు

ఆ వెతుకులాట మామూలుగా సాగలేదు. పరిశోధకులు తమ పేపర్లను ముందుగా పెట్టే ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో మర్నాటికే పదీ పన్నెండు వివరణలు వచ్చి పడ్డాయి. 2016 ఆగస్టు నాటికి లెక్క 500 దాటేసింది. హిగ్స్‌కి బరువైన అన్న అని ఒకరు, ఇంకా చిన్న కణాలు కలిసి తయారైన ముద్ద అని ఇంకొకరు, అదనపు కొలతల నుంచి వచ్చిన గ్రావిటాన్ అని మరొకరు. కొందరైతే డైగామా అని పేరు కూడా పెట్టేశారు! ఒక్క విషయంలో మాత్రం దాదాపు అందరూ ఏకీభవించారు. రెండు ఫోటాన్లుగా విడిపోయే కణానికి స్పిన్ 1 ఉండటం కుదరదని లాండౌ, యాంగ్ ఎప్పుడో రుజువు చేశారు. కాబట్టి స్పిన్ 0 అయినా కావాలి, 2 అయినా కావాలి.

ఈ హడావుడి మీదే మిహైలో బాకోవిచ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఓ పేపర్ రాశాడు. ఇలాంటి ఉబ్బు కనిపించినప్పుడు పేపర్ల సంఖ్య ఎలా పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అని లెక్కగట్టాడు. అంబులెన్స్ వెంట పరుగెత్తే లాయర్లతో పోలుస్తూ టైటిల్ కూడా పెట్టాడు. తమ మీద తాము వేసుకునే జోకులు సైంటిస్టుల్లో తక్కువేం కాదు. ఫిజికల్ రివ్యూ లెటర్స్ అనే పేరున్న జర్నల్ మాత్రం వందల్లోంచి ఏరి, ఏప్రిల్‌లో నాలుగు పేపర్లను ఒకేసారి ప్రచురించింది.

ఇదంతా వృథా శ్రమేనా అంటే.. పూర్తిగా అవునని అనలేం. ఒక ఉబ్బుకు వివరణ ఇవ్వాలంటే అదే కణం ఇంకెక్కడెక్కడ కనిపించాలో కూడా చెప్పాలి. అలా వెతకాల్సిన కొత్త చోట్లు కొన్ని తేలాయి. కాకపోతే 500లో చాలా వరకు "మేమూ ఉన్నాం" అనిపించుకోవడానికి రాసినవేనన్న విమర్శలో నిజం లేకపోలేదు. పీహెచ్‌డీ కుర్రాళ్ల నెలల సమయం అందులో కరిగిపోయింది.

ఆగిన మాగ్నెట్, కరెంటు తీగ మీద జంతువు

మరోవైపు ప్రయోగాల వాళ్లకు వాళ్ల కష్టాలు వాళ్లకున్నాయి. సీఎంఎస్ డిటెక్టర్‌లో 3.8 టెస్లాల భారీ అయస్కాంతం ఉంటుంది. దాన్ని అతి శీతలంగా ఉంచే వ్యవస్థలో ఇబ్బంది రావడంతో 2015 డేటాలో కొంత భాగం అయస్కాంతం ఆఫ్‌లో ఉండగా తీసింది. ముందు దాన్ని పక్కన పెట్టారు. కానీ ఫోటాన్లకు విద్యుదావేశం ఉండదు, అయస్కాంతం ఉన్నా లేకపోయినా అవి వంగవు. కాబట్టి ఆ డేటా కూడా పనికొస్తుందని 2016 మార్చిలో దాన్ని కలిపి చూశారు. పాత 8 టీఈవీ డేటా కూడా చేరిస్తే 2.6 కాస్తా 3.4 అయింది. దిద్దుబాటు తర్వాత మాత్రం 1.6 మాత్రమే. ఆశ ఇంకాస్త పెరిగింది.

ఇక ఏప్రిల్ 29న మరో విడ్డూరం. చూడ్డానికి మన ముంగిసలా ఉండే మార్టెన్ అనే జంతువు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి చేరి షార్ట్ సర్క్యూట్ అయింది. అది చనిపోయింది, ప్రపంచంలోనే అతిపెద్ద మెషీన్ కొన్ని రోజులు ఆగిపోయింది.

ఆ తర్వాత మాత్రం ఎల్‌హెచ్‌సీ దుమ్ము రేపింది. వేసవి మధ్యకల్లా 2015లో వచ్చినదానికి దాదాపు నాలుగు రెట్ల కొత్త డేటా చేతికొచ్చింది. కణం నిజంగా ఉంటే ఉబ్బు అంతకంతకూ లేవాలి. యాదృచ్ఛికమైతే చుట్టుపక్కల నింపుకుంటూ చదునైపోవాలి. 2016 ఆగస్టు 5న చికాగోలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో రెండు టీమ్‌లూ గ్రాఫులు చూపించాయి. అసలు ముందు రోజు రాత్రే సీఎంఎస్ పేపర్ పొరపాటున వెబ్‌సైట్‌లో కనిపించి గుట్టు రట్టయింది. కొత్త డేటాలో 750 దగ్గర ఏమీ లేదు. రోడ్డు నున్నగా దిగిపోయింది.

మెషీన్‌లో లోపం దొరకలేదు, లెక్కలో తప్పు దొరకలేదు. పైన చెప్పిన 40లో ఒక వంతు, తొమ్మిదిలో ఒక వంతు ఛాన్సులున్నాయి కదా.. అవే ఆ రోజు తగిలాయి. అంతే.

ఇదే మొదటిసారి కాదు

1976లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో లియాన్ లెడర్‌మాన్ టీమ్ 6 జీఈవీ దగ్గర కొత్త కణం కనిపించిందని ప్రకటించి, ఉప్సిలాన్ అని పేరు కూడా పెట్టింది. ఎక్కువ డేటా వచ్చేసరికి అది ఆవిరైపోయింది. తోటివాళ్లు దానికి "ఊప్స్ లియాన్" అని పేరు తగిలించారు. అయితే ట్విస్ట్ ఏంటంటే.. మరుసటి ఏడాది అదే టీమ్‌కి 9.5 జీఈవీ దగ్గర అసలైన కణం దొరికింది, ఆ పేరు దానికే ఇచ్చారు. బాటమ్ క్వార్క్ బయటపడింది అక్కడే.

2000లో లెప్‌లో 115 జీఈవీ దగ్గర హిగ్స్ జాడ ఉన్నట్టు అనిపించింది. మెషీన్‌ని ఇంకొన్నాళ్లు నడపనివ్వండని శాస్త్రవేత్తలు గట్టిగా అడిగారు. ఒక నెల ఇచ్చి, నవంబర్‌లో ఆపేశారు. ఎందుకంటే అదే సొరంగంలో ఎల్‌హెచ్‌సీ కట్టాలి. హిగ్స్ చివరికి 125 దగ్గర తేలింది కాబట్టి ఆ నిర్ణయం సరైనదే అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం చాలామందికి కన్నీళ్లే మిగిలాయి.

ముందే చెబితే దొరుకుతుందా?

అలా అని కూడా హామీ లేదు. డబ్ల్యూ, జెడ్ కణాల బరువు ఎంత ఉండాలో సిద్ధాంతం ముందే అంచనా వేసింది, 1983లో సెర్న్‌లో దాదాపు అక్కడే దొరికాయి. మూడో తరం క్వార్కులు ఉండాలని కొబయాషి, మస్కావా 1973లో అంటే, చివరిదైన టాప్ క్వార్క్ 1995లో ఫెర్మీల్యాబ్‌లో చిక్కింది. కానీ సూపర్ సిమెట్రీ సంగతి చూడండి. తెలిసిన ప్రతి కణానికీ ఒక బరువైన జోడీ ఉంటుందన్నది ఆ సిద్ధాంతం. దశాబ్దాల పాటు ఎంతోమంది ఇష్టపడిన ఆలోచన. ఎల్‌హెచ్‌సీ ఆన్ అయిన కొద్ది రోజులకే దొరుకుతుందని ఆశపడ్డారు. ఇప్పటికీ ఒక్కటీ దొరకలేదు. గ్లూయినో అనే జోడీ కణాన్నే తీసుకుంటే, చాలా మోడళ్లలో అది 2 టీఈవీ కన్నా తేలిగ్గా ఉండే అవకాశం లేదని తేలిపోయింది. బరువు ఇంతే అని సిద్ధాంతం కచ్చితంగా చెప్పలేదు కాబట్టి, దొరకనప్పుడల్లా "ఇంకాస్త పైన ఉందేమో" అనే వీలుంది. ఆ వీలే దానికి బలం, బలహీనత కూడా.

దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. ఎల్‌హెచ్‌సీ తర్వాత 91 కిలోమీటర్ల సొరంగంతో ఇంకా పెద్ద మెషీన్ కట్టాలని సెర్న్ ప్రతిపాదన. మొదటి దశకే సుమారు 1,500 కోట్ల స్విస్ ఫ్రాంకుల అంచనా. "ఫలానా కణం అక్కడుంది" అని చెప్పగలిగితే ఖర్చుకు ఒప్పించడం తేలిక. 750 నిలబడి ఉంటే ఆ వాదనకు తిరుగుండేది కాదు. 2017 జనవరి నుంచి మన దేశం కూడా సెర్న్‌లో అసోసియేట్ సభ్యురాలే, ఏటా వాటా కడుతోంది. ఇక బోసాన్ అన్న పేరులో ఉన్నది మన సత్యేంద్రనాథ్ బోసే కదా.

ఇప్పుడు రేసులో ఉన్నవి ఏవి?

2022 ఏప్రిల్‌లో ఫెర్మీల్యాబ్ సీడీఎఫ్ టీమ్ డబ్ల్యూ బోసాన్ బరువు స్టాండర్డ్ మోడల్ చెప్పినదానికన్నా ఎక్కువగా ఉందని, తేడా ఏకంగా 7 సిగ్మా అని చెప్పింది. 2024లో సీఎంఎస్ కొలిస్తే బరువు స్టాండర్డ్ మోడల్‌తో సరిపోయింది. రెండు కొలతలూ ఎందుకు కలవడం లేదన్నది ఇంకా తేలని విషయం. పెద్ద సిగ్మా వచ్చినంత మాత్రాన సరిపోదు, ఇంకొకరు విడిగా కొలిచినా అదే రావాలి.

95 జీఈవీ దగ్గర కూడా ఫోటాన్ జతల్లో చిన్న ఉబ్బు ఉంది. సీఎంఎస్‌లో 2.9 సిగ్మా, దిద్దితే 1.3. అట్లాస్‌లో అదే చోట 1.7. పైన చెప్పిన నాణేల కథ గుర్తుంటే ఈ నంబర్లను ఎలా చదవాలో ఇక మీకే తెలుసు.

2025లో మాత్రం వేరే తరహా ఉబ్బు ఒకటి వచ్చింది. టాప్, యాంటీ టాప్ క్వార్కులు పుట్టే కనీస శక్తి దగ్గర, అంటే 345 జీఈవీ ప్రాంతంలో, అంచనాకు మించి జతలు వచ్చాయని మార్చిలో సీఎంఎస్ చెప్పింది. జులైలో అట్లాస్ కూడా అదే చూసింది. రెండు చోట్లా 5 సిగ్మా దాటింది. ఈ రెండు క్వార్కులు విడిపోయే ముందు క్షణకాలం జట్టుకట్టే అవకాశం ఉందని సిద్ధాంతకర్తలు 1980ల నుంచే చెబుతున్నారు, టాపోనియం అని పేరు కూడా ఉంది. కనిపించింది దాదాపు అలాగే ఉంది. వేరే కొత్త కణం అయ్యే అవకాశాన్ని మాత్రం సీఎంఎస్ పూర్తిగా కొట్టేయలేదు. మిగతా పరీక్షలు 2022 నుంచి 13.6 టీఈవీ దగ్గర పోగైన డేటాతో నడుస్తున్నాయి. ఆ తర్వాత 2030లో మొదలవ్వాల్సిన హై-ల్యూమినాసిటీ దశలో ఢీకొట్టుడుల సంఖ్య ఇంకా ఎన్నో రెట్లు పెరగనుంది.